చెల్లి మార్ఫింగ్ ఫొటో: అప్పీల్ ఇప్పుడే వేయొచ్చా?

మా చెల్లి పేరుతో ఎవరో ఫేక్ ప్రొఫైల్ తెరిచి మార్ఫింగ్ చేసిన ఫొటో పెట్టారు. చెవుల బుట్టలతో సహా ముఖం తనదే, కింద ఒళ్లు ఇంకెవరిదో. నాలుగుసార్లు రిపోర్ట్ కొట్టాం, ప్రతిసారీ పది నిమిషాల్లో 'మా నిబంధనలకు విరుద్ధంగా లేదు' అనే మెసేజ్ (మనిషన్నవాడు చూసినట్టే లేదు). సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల విభాగం కింద కంప్లయింట్ పెడితే నంబర్ వచ్చింది, అంతే. లింకు, స్క్రీన్‌షాట్లు జతచేసి ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిల్ పెట్టి ఇవాల్టికి 6 రోజులు. ఇలాంటివి 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ రూల్స్‌లో రాశారు, 2026లో దాన్ని 2 గంటలకు తగ్గించారు, మాకు మాత్రం ఆటోమేటిక్ రిప్లై ఒక్కటే వచ్చింది. ఆఫీసర్ జవాబు వచ్చాక 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అపీలేట్ కమిటీకి (ఇలాంటి అప్పీళ్ల కోసం కేంద్రం వేసిన కమిటీ) ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చని చదివాను. అక్కడ అప్పీల్ వేసినవాళ్లు చెప్పండి, ఆ ఆటోమేటిక్ రిప్లైనే జవాబుగా చూపిస్తే తీసుకుంటారా, లేక ఫిర్యాదు తేల్చడానికి ఆఫీసర్‌కి ఉన్న 7 రోజుల గడువు దాకా ఆగాల్సిందేనా?