కమల వరి జీఎం (జన్యుమార్పిడి పంట) కాదంటున్నారు, ఎలా?

పొన్నూరు రైతుబిడ్డ:
నాన్న ఏళ్లుగా బాపట్లలో పుట్టిన సాంబ మసూరి (బీపీటీ 5204) వేస్తున్నారు. దాన్నే జీన్ ఎడిటింగ్ చేసి 2025 మేలో 'కమల' అనే రకం ప్రకటించారు. సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందట. మాది కాలవ చివరి పొలం, ఆఖరి తడికి ప్రతిసారీ టెన్షనే. అందుకే ఆశగా ఉంది. బీటీ పత్తికి 2002లో జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీ (జీఈఏసీ) అనుమతి ఇచ్చాకే విత్తనం వచ్చింది కదా, దీనికి అది అక్కర్లేదా?

గుంటూరు లెక్చరర్:
అక్కర్లేదు తమ్ముడూ. పత్తిలో మట్టి బ్యాక్టీరియా జన్యువు చేర్చారు. కమలలో బయటి జన్యువు లేదు, వరిలోనే ఉన్న ఒక జన్యువును మార్చారు. ఇలా బయటి జన్యువు చేర్చని ఎడిటింగ్ రకాలను (నిబంధనల్లో వాటి పేర్లు ఎస్‌డీఎన్‌-1, ఎస్‌డీఎన్‌-2) కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చి 30న, జన్యుమార్పిడి జీవులపై 1989లో చేసిన నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు ఉన్న వాటి నుంచి మినహాయించింది. జీఈఏసీ అనుమతి కావాలనేది వాటిలోనే ఉంది. అయితే ఎడిటింగ్‌కు వాడిన బయటి డీఎన్ఏ మొక్కలో మిగల్లేదని తేలాలి. అది చూసేది సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ.

తెనాలి అక్క:
నాకు అభ్యంతరం అక్కడే. తయారుచేసిన సంస్థ కమిటీయే పరీక్షిస్తే సరిపోదు. రకం మంచిదే కావచ్చు, ఆ డేటా మొత్తం అందరికీ కనిపించాలి. తినేది మన పిల్లలే కదా.

పొన్నూరు రైతుబిడ్డ:
అర్థమైంది సార్. అక్కా, మీ మాటా న్యాయమే. విత్తనం దొరికితే ముందు అరెకరంలో వేద్దామని నాన్నతో చెప్తాను.