కావలిలో 14×11 గది: 100 అంగుళాల ప్రొజెక్టరా, ఉన్న టీవీయే చాలా?

కావలి కుర్రోడు:
మేడమీద గది 14 అడుగుల పొడవు, 11 వెడల్పు. ఉన్నది 55 అంగుళాల టీవీ, 11 అడుగుల దూరంలో మంచం. మాటలు వినపడవు, సౌండు పెంచితే ఫైటు రాగానే ఇల్లు అదురుద్ది. ప్రొజెక్టర్ పెడితే హాల్లో చూసినట్టు ఉంటుందా? యాడ బిగించాల? తెలిసినోళ్లు చెప్పండన్నా.

పెన్నా గట్టు:
తమ్ముడూ, ముందు టేపు పట్టుకో. 100 అంగుళాల తెరంటే అడ్డం 87, నిలువు 49 అంగుళాలు. త్రో రేషియో, అంటే తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో మిషను ఉండాలో చెప్పే లెక్క, 1.2 అయితే 87 ఇంటూ 1.2, అంటే తెరకి 8 అడుగుల 8 అంగుళాల దూరంలో లెన్సు ఉండాల. గది నడిమిన, 7 అడుగుల దగ్గర ఫ్యాను ఉంటుంది. 48 అంగుళాల ఫ్యాను రెక్క 9 అడుగుల దాకా తిరుగుద్ది. శ్లాబుకి బిగిస్తే ప్రొజెక్టర్ రెక్కలు తిరిగే చోటే పడుద్ది. మన ఎండల్లో ఫ్యాను ఆపి కూర్చోలేం గదా.

అందుకని 1.5 రేషియోది చూడు, 10 అడుగుల 10 అంగుళాలకి పోతుంది. స్టాండు మీద, రెక్కలకన్నా అడుగు కిందకి ఉంచు. పైనుంచి వేస్తే వెలుతురికి రెక్క అడ్డం తిరిగి బొమ్మ మినుకుమినుకుమంటది. బొమ్మ వంకరని కీస్టోన్ అనే సెట్టింగుతో సరిచేస్తే అక్షరాలు మసకబారతాయి, మిషన్నే తెరకి ఎదురుగా తిన్నగా పెట్టు.

పెట్టె మీద రాసే వేల ల్యూమెన్లు (వెలుతురు కొలత) నమ్మొద్దు, ప్రమాణం ప్రకారం కొలిచిన ఆన్సీ ల్యూమెన్లు అడుగు. చీకటి గదికి 1500 ధారాళం. కిటికీ వెలుతురు పడితే అది చాలదు.

ఇదంతా వద్దనుకుంటే మంచం 7 అడుగులకి జరుపు. నీ 55 అంగుళాల టీవీయే, 100 అంగుళాల తెరని 13 అడుగుల నుంచి చూసినంత కనపడుద్ది. ముందు అదే చెయ్యి, పైసా ఖర్చు లేదు.

ఒంగోలు సౌండు:
5.1 సౌండులో, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (దడదడలాడే బేస్ స్పీకర్) ఉన్నదాంట్లో, మాటలు ఎక్కువగా నడిమి స్పీకర్‌కి వస్తాయి. టీవీకున్న రెండు స్పీకర్లలోకి అన్నీ కుదిస్తే మాట మ్యూజిక్‌లో మునుగుద్ది. యాప్‌లో 5.1 తీసేసి మామూలు తెలుగు ట్రాక్ పెట్టు, టీవీలో పెద్ద శబ్దాల్ని తగ్గించే నైట్ మోడ్ వేయి. చాలకపోతే 3.1 సౌండ్‌బార్, ఆ 3లో ఒకటి మాటలకే. టీవీ సౌండుని బార్‌కి పంపే, ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐలోనే గుచ్చాల, అప్పుడు యాప్‌లో మళ్లీ 5.1 పెట్టు. టీవీ సౌండ్ అవుట్‌పుట్ పీసీఎంలో ఉంటే రెండు ఛానెళ్లే పోతాయి, సౌండుని ఉన్నదున్నట్టు పంపే పాస్‌త్రూకి మార్చు. సబ్‌వూఫర్ మూలన పెడితే బూంబూం అని మోగుద్ది, రెండడుగులు ఇవతలికి లాగు. మోత తగ్గడానికి టైల్స్ మీద జంపఖానా, కిటికీకి మందం కర్టెను.

హైవే పదహారు:
ఎంత చేసినా సూళ్లూరుపేటలోని వీ ఎపిక్ సినిమా హాల్లోని 100 అడుగులు దాటిన తెర ఇంట్లోకి రాదు. హాల్లో డిజిటల్ ప్రింటు సెకనుకి 250 మెగాబిట్ల దాకా పోవచ్చు. ఓటీటీ 4కేలో సుమారు 15 నుంచి 25. చీకటి సీన్లలో ఇంట్లో మచ్చలు పడేది అందుకే. యుద్ధాలు, సముద్రాలు ఉన్న సినిమాకి హాలుకే పో, తెర నుంచి మూడింట రెండొంతుల వెనక, నడిమి సీటు తీసుకో. కబుర్ల సినిమాకి ఇల్లు బాగుంటది.

కావలి కుర్రోడు:
మంచం జరుపుతానన్నా. కరెంటు టక్కున పోతే ప్రొజెక్టర్‌కి దెబ్బా?

పెన్నా గట్టు:
ల్యాంపుదైతే దెబ్బే. లోపలి ఫ్యాను ఆగి వేడి అక్కడే నిలుస్తుంది. దాని వాట్లకి సరిపడే యూపీఎస్ పెట్టి, కరెంటు పోగానే బటన్‌తో ఆపి, ఫ్యాను నిలిచేదాకా ప్లగ్గు పీకొద్దు. ఎల్‌ఈడీ, లేజర్ వాటికి ఆ బాధ తక్కువ.