నయీముద్దీన్ హైదరాబాద్ రోజులు ఎవరికైనా తెలుసా?

అందరికీ నమస్తే. మన హైదరాబాద్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ గురించి మా మల్కాజిగిరి ఫుట్‌బాల్ పిల్లల కోసం గోడపత్రిక రాస్తున్నాను. కలకత్తా సంగతులు బాగానే దొరికాయి. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ మూడు క్లబ్బులకీ ఆడి, తర్వాత ఆ మూడింటికీ కోచ్ అయ్యారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్సీలోనే మనకు కాంస్యం. ఢాకాలో బ్రదర్స్ యూనియన్ క్లబ్బుకి, మన జాతీయ జట్టుకీ కోచింగ్. ఆటకి అర్జున, కోచింగ్‌కి ద్రోణాచార్య రెండూ అందుకోవడం మామూలు విషయమా!

కానీ సిటీ పోలీస్ టీమ్‌లో డిఫెండర్‌గా ఆడిన రోజుల గురించే ఏమీ దొరకట్లేదు. మా పెదనాన్న దాచిన పేపర్ కటింగ్‌లో మడత పడ్డచోట అక్షరాలు చెరిగిపోయాయి. ఫతే మైదాన్‌లో ఆయన ఆట చూసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే కాస్త అడిగి చెప్తారా? ఫొటో ఉంటే ఇంకా మేలు.