కడుపుతో ఉన్నప్పుడు కషాయాలు, మూలికలు: అన్నీ మానాలా, కొన్ని వాడొచ్చా?

వేపచెట్టు (చర్చ ప్రారంభం)

నెల తప్పిన దగ్గర్నుంచి కాన్పు దాకా ఇంట్లో ఇచ్చే మందుల మీద రెండు వాదనలు వినిపిస్తుంటాయి. మూలికల మీద గర్భిణుల్లో సరైన పరీక్షలు జరగలేదు కాబట్టి తొమ్మిది నెలలూ అన్నీ బంద్ అనేది ఒకటి. తరతరాలుగా వాడుతున్నవే కదా, ఏమీ కాదు అనేది రెండోది. నేను రెండింటినీ ఒప్పుకోను. వస్తువు పేరు చూసి తీర్పు చెప్పడం కుదరదు. ఎంత మోతాదు, ఏ రూపం, ఎన్నో నెల అన్నది చూడాలి. పోపులో పడే చిటికెడు మెంతులు వేరు, పరగడుపున మింగే రెండు చెంచాల మెంతిపొడి వేరు.

వేవిళ్లకు శొంఠి, దగ్గుకు అతిమధురం, మలబద్ధకానికి సునాముఖి, రక్తానికి బెల్లం, నెలలు నిండాక ఆముదం. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి ఇవే. వీటి మీద లెక్కలతో మాట్లాడండి.

ప్రసూతి_వార్డు

నేను మొదటి వాదన వైపే, దానికి కారణం ఒక్క మూలికల గుణమే కాదు. మోతాదు చూసుకోవాలన్న మాట రాసుకోవడానికి బాగుంటుంది, ఇంట్లో శొంఠి ముక్కను తూకం వేసేదెవరండీ? అంతకన్నా పెద్ద ప్రమాదం ఆలస్యం. ఏడో నెలలో తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు వస్తే "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు, ధనియాల కషాయం ఇస్తారు. అవి బీపీ 140/90 దాటిందని చెప్పే గుర్తులు కావచ్చు, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. ధనియాల నీళ్లు హాని చేయవు. అవి తాగుతూ గడిపేసిన రెండు రోజులు చేస్తాయి.

వేవిళ్ల సంగతీ అంతే. గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో వచ్చినా, ముందున్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా అది శొంఠితో ఆగేది కాదు. మూత్రంలో కీటోన్లు (తిండి అందక ఒళ్లు కొవ్వును కరిగిస్తోందని చెప్పే పదార్థాలు) చూడాలి, సెలైన్ పెట్టాలి.

పథ్యం

ఆలస్యం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దానికి విరుగుడు ప్రమాద గుర్తులు నేర్పడం. శొంఠిని నిషేధించడం కాదు. మానేయమంటే ఇంట్లో మానరు, డాక్టరుకు చెప్పడం మానేస్తారు. అదింకా ప్రమాదం.

వేవిళ్లకు అల్లం మీద గర్భిణుల్లోనే పరీక్షలు జరిగాయి. ఎక్కువ వాటిలో వాడిన మోతాదు రోజుకు ఒక గ్రాము శొంఠిపొడి, 250 మి.గ్రా. చొప్పున నాలుగు విడతలు. వంటింటి కొలతలో రోజు మొత్తానికి తలగొట్టిన అర టీస్పూను. ఒకేసారి వేసుకుంటే గుండెల్లో మంట వచ్చి వాంతి ఇంకా పెరుగుతుంది, విడతలుగా పుచ్చుకోమనడం అందుకే. ఆస్పిరిన్, హెపారిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

ఇంకో మాట. సంప్రదాయం పేరుతో చాలామంది చేసేది సంప్రదాయంలో లేనే లేదు. చరక సంహిత శారీర స్థానం ఎనిమిదో అధ్యాయంలో నెలనెలా పథ్యం చెప్పారు: మొదటి నెల పాలు, మూడో నెల తేనె, నెయ్యి కలిపిన పాలు, నాలుగో నెల వెన్నతో పాలు, ఎనిమిదో నెల పాలతో కాచిన నేతి జావ. ఇవన్నీ ఆహారమే. తీక్ష్ణమైన మందులు, వమన విరేచనాలు గర్భిణికి వద్దన్నారు. సునాముఖి కాచి తాగించడం ఏ లెక్కన ఆయుర్వేదం?

మందులషాపు

సునాముఖి మీద కొంచెం సవరణ. అందులోని సెన్నోసైడ్లు పేగుల్ని కదిలిస్తాయి. తప్పనిసరైతే కొలిచిన మోతాదు మాత్రగా డాక్టర్లు రాయడం ఉంది. ఆకు కాచిన నీళ్లలో ఎంత దిగిందో ఎవరికీ తెలియదు, కడుపులో మెలితిప్పే నొప్పి వస్తే అది పేగుదో గర్భసంచిదో ఇంట్లో తేల్చుకోలేరు. వస్తువు ఒకటే, తేడా అంతా రూపంలో ఉంది.

మలబద్ధకానికి ముందుగా ఇసబ్గోల్. ఒకటి రెండు టీస్పూన్లు నిండు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగేయాలి. వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు. చాలామంది తప్పు చేసేది ఈ రెండో గ్లాసు దగ్గరే. నీళ్లు చాలకపోతే అది లోపల ఉబ్బి మలాన్ని ఇంకా బిగిస్తుంది. ఐరన్ మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి.

అసలు గట్టిగా చెప్పాల్సింది అతిమధురం గురించి. దగ్గుకు ముక్క బుగ్గన పెట్టుకోవడం, కషాయంలో వేయడం మామూలే. దానిలోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పు, నీరు నిలబెట్టి బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. తల్లి ఒంట్లోని కార్టిసోల్ (ఒత్తిడి హార్మోన్) బిడ్డకు ఎక్కువగా చేరకుండా మావిలో ఒక ఎంజైమ్ అడ్డుపడుతుంది, గ్లిసిరైజిన్ ఆ ఎంజైమ్‌నే అణచేస్తుంది. అతిమధురం మిఠాయిలు బాగా తినే ఫిన్లాండ్‌లో ఈ విషయం లోతుగా చూశారు, గర్భిణులు ఎక్కువ తినొద్దని అక్కడ అధికారికంగానే చెబుతారు. బీపీ ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు. దగ్గుకు ఉప్పునీళ్లు పుక్కిలించడం, గోరువెచ్చని నీళ్లలో చెంచా తేనె సరిపోతాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి.

లోహాలు, ఖనిజాలు కాల్చి చేసే భస్మాలు, సింధూరాల దగ్గర మాత్రం మోతాదు మాట కూడా ఎత్తొద్దు. 2011, 2012లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా దొరికింది. అందరూ భారతదేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడినవాళ్లే. సీసం మావి దాటి బిడ్డకు చేరుతుంది. అమెరికాలో ఉన్న కూతురికి ఊరి నుంచి పొట్లాలు పంపే తల్లిదండ్రులు ఇది తప్పక తెలుసుకోవాలి.

రాగిజావ

రక్తం, బెల్లం దగ్గరికొద్దాం. భారత ఆహార పట్టికల్లో 100 గ్రాముల బెల్లంలో ఇనుము 5 మి.గ్రా. లోపే. రోజూ తినే 20 గ్రాముల ముక్కలో ఒక మి.గ్రా. కూడా రాదు, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. గర్భిణికి రోజుకు కావలసింది 27 మి.గ్రా. అని జాతీయ పోషకాహార సంస్థ, మన తార్నాకలో ఉన్నదే, లెక్క కట్టింది. బెల్లంతో హిమోగ్లోబిన్ పెంచాలని చూస్తే ముందు పెరిగేది షుగరు. నువ్వుల్లో కాల్షియం బాగా ఉంది, రోజుకు ఒక చెంచా వేయించి పొడి చేసుకుని తినడంలో తప్పేమీ లేదు. నువ్వులు తింటే గర్భం పోతుందన్న భయానికి ఆ మోతాదులో ఆధారం లేదు.

నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పు లోపు కనీసం 180 రోజులు వేసుకోవాలి. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రోజుకు రెండు మాత్రలు రాస్తారు, 7 కన్నా తగ్గితే ఆస్పత్రికే వెళ్లాలి. మాత్ర పనిచేయలేదనే ఇళ్లలో ఎక్కువసార్లు దొరికే కారణాలు ఇవి: టీతో వేసుకోవడం, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవడం, వికారమని మానేయడం. టీ, కాఫీలకు ఒక గంట, కాల్షియానికి రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. పరగడుపున వికారమైతే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి, కొంచెం తక్కువ పట్టినా అసలు మానేయడం కన్నా నయం. మలం నల్లగా రావడం మామూలే, భయపడి ఆపకండి.

రాగిజావకు రెండు పెద్ద చెంచాల పిండి, సుమారు 30 గ్రాములు, ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, 300 మి.లీ. మరిగే నీళ్లలో పోసి ఏడెనిమిది నిమిషాలు ఉడకనివ్వాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు. దాంతో 100 మి.గ్రా. దాకా కాల్షియం వస్తుంది. మంచిదే కానీ 500 మి.గ్రా. మాత్రలు రెండింటికి అది బదులు కాదు. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్షలో 140 గానీ ఆపైన గానీ వచ్చినవాళ్లు బెల్లం జావ మానేయాలి.

బొప్పాయి: పచ్చిది, దోరది వద్దు, కాయలో కారే తెల్లటి పాల వల్ల. 2002లో ప్రచురించిన ఎలుకల పరీక్షలో ఆ పాలు గర్భసంచిని ముడుచుకునేలా చేశాయి, బాగా పండిన బొప్పాయి రసం చేయలేదు. గ్రహణం రోజు గర్భిణిని నీళ్లు కూడా ఇవ్వకుండా గంటల తరబడి పడుకోబెట్టడం మాత్రం దయచేసి మానండి.

గోదారిగట్టు

ఆముదం మీద ఎవరూ మాట్లాడలేదు. నెలలు నిండినవాళ్లకు ఇస్తే నొప్పులు వస్తాయన్నది వట్టి నమ్మకం కాదు. దానిలోని రిసినోలిక్ ఆమ్లం గర్భసంచిలోని ఈపీ3 అనే గ్రాహకం (కణం సంకేతం అందుకునే చోటు) మీద పనిచేస్తుందని 2012లో ఎలుకల్లో చూపించారు. ఆస్పత్రిలో ఆక్సిటోసిన్ ఎక్కించేదీ నొప్పుల కోసమే కదా. 40 వారాలు నిండి, ముందు ఆపరేషన్ లేనివాళ్లకు ఆస్పత్రిలో, పర్యవేక్షణలో ఇస్తే ఎందుకు వద్దు?

ప్రసూతి_వార్డు

గోదారిగట్టు గారూ, పనిచేస్తుందన్న మాట నేను కాదనను. అందుకే ఇంట్లో వద్దంటున్నాను. ఆక్సిటోసిన్ డ్రిప్పు చుక్కల లెక్కన ఎక్కుతుంది, నొప్పులు మితిమీరినా బిడ్డ గుండె తగ్గినా ఆపేస్తాం. మింగిన 60 మి.లీ. ఆముదాన్ని వెనక్కి తీయలేం. 233 మంది స్త్రీలతో జరిగిన మూడు పరీక్షల్ని కలిపి చూసిన సమీక్షలో, ఆముదం తాగిన ప్రతి ఒక్కరికీ వికారం వచ్చింది, సిజేరియన్లు తగ్గినట్టు తేలలేదు. విరేచనాలతో ఒంట్లో నీరు పోయి, రాత్రంతా నిద్రలేక నీరసించి వచ్చిన మనిషి కాన్పు నొప్పులు ఎలా ఓర్చుకుంటుంది? ముందు సిజేరియన్ అయిన కడుపైతే కుట్టు విచ్చుకునే ప్రమాదం కూడా.

శొంఠి విషయంలో పథ్యం గారి కొలతకు ఒప్పుకుంటాను, డాక్టరుకు చెప్పి వాడితే చాలు.

గోదారిగట్టు

ఆస్పత్రిలో, పర్యవేక్షణలో ఇస్తే అన్నది నా ప్రశ్న. దానికి మీ జవాబు రాలేదు.

ప్రసూతి_వార్డు

అక్కడ అంతకన్నా లెక్క తెలిసిన మందులున్నాయి, అవసరం లేదన్నదే నా జవాబు. 41 వారాలు నిండితే డాక్టరే నొప్పులు తెప్పించే సంగతి మాట్లాడతారు. అప్పటిదాకా బిడ్డ కదలికలు గమనించుకోండి. తగ్గినట్టు అనిపించినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా అదే పూట బయల్దేరాలి.

వేపచెట్టు

ఇంకొకటి మిగిలింది. బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపించడం. కోరిక తీర్చాలని తెచ్చి ఇచ్చేవాళ్లున్నారు.

రాగిజావ

ఇవ్వకండి. చాలాసార్లు అది ఇనుము తగ్గిందని ఒళ్లు చెప్పే గుర్తు. మట్టిలో నులిపురుగుల గుడ్లు, సీసం ఉండొచ్చు, పైగా అది తిన్న ఇనుమును పట్టనివ్వదు. ముందు హిమోగ్లోబిన్ చూపించండి. మూడు నెలలు దాటాక నులిపురుగుల మందు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య నర్సు) దగ్గర ఇస్తారు, అది వేసుకున్నారో లేదో అడగండి. చాలామందికి ఐరన్ సరిపడా అందాక ఆ కోరిక దానంతటదే పోతుంది.