అప్‌డేట్: మా బావగారి ఎక్మో, హెపారిన్ సంగతి

పోయిన వారం అడిగాను కదా, ఎక్మో (రక్తాన్ని ఒంట్లోంచి గొట్టాల ద్వారా బయటకు తీసి, ఆక్సిజన్ ఎక్కించి, తిరిగి పంపే యంత్రం) మీదున్న మా బావగారికి ముక్కులోంచి రక్తం ఆగట్లేదు, అయినా రక్తం పలచబడే మందు ఎందుకిస్తున్నారని. డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. రక్తం ప్లాస్టిక్ గొట్టాలకు తగిలితే గడ్డకట్టే గుణం మేల్కొంటుందట. రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగమైన ఆక్సిజనేటర్‌లో గడ్డలు పేరుకుంటే ఆ కృత్రిమ ఊపిరితిత్తే మూసుకుపోతుంది. అందుకే రక్తం పలచబడే ఆ మందు, హెపారిన్. ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) 60–80 సెకన్ల మధ్య ఉండేలా చూస్తున్నారు.

రక్తం కారడం మరీ ఎక్కువైన రోజు మందు పూర్తిగా ఆపేసి, యంత్రంలో రక్తం పారే వేగం (ఫ్లో) తగ్గనివ్వకుండా నడిపారు. నాకైతే ప్రాణాలు పోయాయనుకోండి! నర్సమ్మ టార్చి వేసి ఆక్సిజనేటర్‌లో గడ్డల నల్లమచ్చలు ఉన్నాయేమోనని వెతుకుతూనే ఉంది. ముక్కులో ప్యాకింగ్ పెట్టి, రక్తం ఆగాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలెట్టారు.

నిన్న ఎక్మో తీసేశారు. వెంటిలేటర్ ఇంకా ఉంది. గొట్టం పెట్టిన సిరలో గడ్డ ఉందేమోనని రేపు డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేస్తారు.