‘వారసత్వం 37 శాతం’ అంటే పిల్లలకు ఎట్లా చెప్పాలి?

చంద్రగిరి_మాస్టారు:
తిరుపతిలో డిగ్రీ పిల్లలకు డిప్రెషన్ మీద గంట క్లాసు ఉంది. ‘వారసత్వం 37 శాతం’ అని స్లైడు పెట్టాను. అంటే తల్లికి ఉంటే నూటికి 37 మంది పిల్లలకు వస్తుందనా? ఎమ్మారైలో కనబడుతుందా? ఉమ్మితో చేసే జీన్ టెస్టు గురించి అడిగితే?

తోతాపురి:
ఆ స్లైడు అట్లాగే చూపిస్తే పిల్లలు భయపడి పోతారు సార్. కవలల అధ్యయనాలన్నీ కలిపి 2000లో తేల్చిన అంకె అది. మనుషుల మధ్య తేడాలో జన్యువుల వాటా ఎంతో చెబుతుంది, ఒక మనిషికి జబ్బొచ్చే అవకాశం కాదు.

మామిడితో చెప్పండి. ఒకే చెట్టు కొమ్మలతో కట్టిన తోతాపురి అంట్లు బోరు పక్కన ఒకటి, గుట్ట మీద ఒకటి నాటితే కాపులో తేడా నీళ్ళది, నేలది (వేరుమొక్క సంగతి పక్కన పెడితే). టెంకలు నాటి, అన్నిటికీ ఒకే నేల, ఒకే నీళ్ళు ఇస్తే తేడా ఎక్కువగా జన్యువులది. తోట మారితే వాటా మారుతుంది.

తల్లికో తండ్రికో ఉంటే ముప్పు మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు. అయినా రాని పిల్లలే ఎక్కువ.

జన్యు_లెక్కలు:
‘డిప్రెషన్ జీన్’ అనే మాటే వద్దు. 2003లో సెరటోనిన్ (మెదడులో కబుర్లు మోసే రసాయనం) రవాణా జన్యువు మీద చానా ఆశ పెట్టుకున్నారు. 2019లో లక్షల మంది డేటాతో అలాంటి 18 జన్యువులను పరీక్షిస్తే ఒక్కటీ నిలబడలేదు. 2025 నాటికి దొరికినవి దాదాపు 700 జన్యు తేడాలు, ఒక్కోదాని బలం ఆవగింజంత. అన్నీ కూడినా ఫలానా మనిషికి వస్తుందని చెప్పలేం. టెస్టుకు డబ్బు దండగ. సీవైపీ2సీ19 (మందులను విరిచే ఒక ఎంజైము జన్యువు) లాంటి పరీక్ష వేరు, ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు ఒంట్లో ఎంత వేగంగా విరుగుతుందో దానితో తెలుస్తుంది. అది మోతాదు సంగతి, జబ్బు సంగతి కాదు.

స్కాన్_సంగతి:
చాలా దేశాల మెదడు స్కాన్లు కలిపి చూసిన 2016 నాటి ఎనిగ్మా అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్నవాళ్ళ హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాల భాగం) సగటున 1.2 శాతం చిన్నగా తేలింది. అదీ ముఖ్యంగా మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళలో, 21 ఏళ్ళ లోపే మొదలైనవాళ్ళలో. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరి మధ్య తేడాయే అంతకంటే ఎక్కువ కాబట్టి ఫిల్ము చూసి ఎవరూ పోల్చలేరు. ఫిట్స్ ఉన్నా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా, పెద్ద వయసులో మతిమరుపుతో మొదలైనా స్కాన్ తీయాలి. లేదంటే ముందు థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, విటమిన్ బీ12 రక్తపరీక్షలు చాలు.

ఓపీ_చీటీ:
జీన్ టెస్టు కంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ‘ఇంట్లో ఎవరైనా రోజుల తరబడి సరిగా నిద్ర లేకుండానే హుషారుగా, అప్పులు చేసి మరీ ఖర్చుపెడుతూ తిరిగారా?’ అవునంటే బైపోలార్ (ఉన్మాదం, డిప్రెషన్ మారి మారి వచ్చే జబ్బు) అనుమానించాలి, డాక్టరుకు ముందే చెప్పాలి. అట్లాంటివాళ్ళకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం ఎగదన్నవచ్చు. మామూలు డిప్రెషన్‌లో మందు పట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు. చాలామంది పది రోజులకే ‘పనిచేయలేదు’ అని మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి.

చంద్రగిరి_మాస్టారు:
మామిడి ఖాయం. క్లాసులో పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ లక్షణాలను మార్కులతో కొలిచే తొమ్మిది ప్రశ్నల) కాగితం పంచొచ్చా?

ఓపీ_చీటీ:
తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా ఆరోజే మాట్లాడే మనిషి పక్కన ఉంటే పంచండి, లేకపోతే వద్దు. మొత్తం మార్కులు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి పంపండి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నెంబరు 14416 బోర్డు మీద రాసి ఉంచండి, తెలుగులోనే మాట్లాడతారు.