జీపీ దగ్గర కాపర్ టీ వేయరట, ఎక్కడికి వెళ్లాలి?

అక్కలందరికీ నమస్కారం. డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి రెండు నెలలైంది. పాపకు ఏడు నెలలు. కాపర్ టీ కోసం జీపీ సర్జరీకి (ఇక్కడ ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌ను అలా అంటారు) ఫోను చేస్తే, "ఇక్కడ వేయరు" అని పెట్టేశారు. వీసా వల్లనా? అత్తయ్యేమో ఇండియా వచ్చి ఆపరేషన్ చేయించుకొమ్మంటున్నారు.

జవాబు 1:
చెల్లెమ్మా, వీసాకూ దీనికీ సంబంధం లేదు. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, గర్భనిరోధం అందరికీ ఉచితం. నేను ఒక సర్జరీలో నర్సును, కాబట్టి లోపలి సంగతి చెబుతాను. జీపీ అయినంత మాత్రాన కాపర్ టీ వేయడం వచ్చినట్లు కాదు. అది విడిగా నేర్చుకుని, అనుభవం ఉన్నవారి ఎదుట వేసి చూపి, పత్రం తెచ్చుకోవాలి. చేతిలో చర్మం కింద పెట్టే గర్భనిరోధక కడ్డీకి (ఇంప్లాంట్) మరో పత్రం. పైగా ఇంగ్లండ్‌లో 2013 నుంచి ఈ పనికి డబ్బిచ్చేది స్థానిక కౌన్సిల్. డాక్టరు సమయం, పక్కన సహాయకురాలు, పరికరాలు అన్నీ లెక్కేసుకుంటే గిట్టుబాటు కాదని మానేసిన సర్జరీలున్నాయి. మా దగ్గర వేసే డాక్టరమ్మ ఒక్కరే. ఆవిడ ప్రసూతి సెలవు మీద వెళ్తే, ఆ పరికరాల ట్రే ఏడాదిపాటు బీరువా దిగలేదు!

నువ్వు సెక్సువల్ హెల్త్ క్లినిక్‌కు ఫోను చెయ్యి. పేరు చూసి జంకకు, పెళ్లయి పిల్లలున్నవాళ్లే బోలెడంతమంది వస్తారు. జీపీ చీటీ అక్కర్లేదు. 'కాయిల్' అని అడుగు, ఇక్కడ ఆ మాటే తెలుసు. పాలిస్తున్నావా, సిజేరియనా అన్నది ముందే చెప్పు. తేదీ దొరకడానికి వారాలు పట్టవచ్చు. ఈలోపు పాలిచ్చే తల్లులకు సరిపడే ప్రొజెస్టోజెన్ గర్భనిరోధక మాత్ర గురించి మందుల షాపులో అడుగు. చాలా షాపుల్లో డాక్టరు చీటీ లేకుండా ఉచితంగా ఇస్తారు.

అత్తగారిని తప్పుపట్టకు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆవిడ చుట్టూ చూసింది అదే.

జవాబు 2:
ఇండియాలో వేయించుకుంటే మాత్రం ఏ రకమో, ఏ తేదీనో రాసిన కార్డు దాచుకో అమ్మా. నాది గుంటూరులో వేశారు. ఇక్కడ క్లినిక్‌లో "ఏ రకం?" అంటే తెల్లమొహం వేశాను. 375 అయితే ఐదేళ్లు, 380ఎ అయితే పదేళ్లు. అప్పటికి ఆరేళ్లయింది. అమ్మ బియ్యం డబ్బా వెనక నుంచి పాత ఓపీ చీటీ వెతికి ఫోటో పంపింది: 380ఎ.